రెండు బొమ్మలు ఒక్కటయ్యే చోటు

రేకు పెట్టె మూత తీయగానే ఘాటైన పులుపు వాసన గుప్పుమంది. అత్తయ్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఊరగాయ జాడీ ఏదైనా ఒలికిందేమో చూడరా" అంది. ఊరగాయ కాదు. మా మామయ్య జీవితమంతా పోగుచేసిన నెగటివ్‌లు. మామయ్య పోయి ఏడాది దాటింది. వడపళనిలోని ఆ ఇల్లు ఖాళీ చేసి అత్తయ్య కొడుకు దగ్గరికి వెళ్లిపోతోంది. ఈ పెట్టె నువ్వు తీసుకెళ్తే సరి, లేకపోతే పాత సామాన్లవాడికి వేసేస్తాను అని ఫోను చేస్తే ఆ సాయంత్రమే వెళ్లాను.

పాత ఫిల్మ్‌కు ఆ వాసన ఎందుకు వస్తుందో ఫొటోల పని చేసినవాళ్లకు తెలుసు. ఫిల్మ్ పట్టీని సెల్యులోజ్ అసిటేట్‌తో చేస్తారు. వేడి, తేమ కలిసిన చోట అది మెల్లగా విరిగి ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం మళ్లీ పట్టీనే తింటుంది, పక్కనున్న మంచి ఫిల్మ్‌కూ అంటుకుంటుంది. పట్టీ కుంచించుకుపోయి వంకర్లు తిరుగుతుంది. సముద్రం పక్కన, ఏడాదిలో చాలా భాగం ఉక్కపోసే చెన్నైలో గాలాడని రేకు పెట్టెలో పెడితే వేరే శత్రువు అక్కర్లేదు.

అయితే ఆ వాసన తగలగానే నాకు ముందు గుర్తొచ్చింది పాడైపోతున్న ఫిల్మ్ కాదు, ఫొటోలు పుట్టే గది. బొమ్మను తేల్చే మందు డెవలపర్‌లోంచి తీసిన బ్రోమైడ్ ఫొటో కాగితాన్ని ముంచే రెండో ట్రేలో ఉండేదీ ఈ ఎసిటిక్ ఆమ్లమే. బడి నుంచి వచ్చి స్టూడియో వెనక గది తలుపు మీద రెండుసార్లు తడితే, లోపలి నుంచి "ఉండు, కాగితం బయట ఉంది" అని మామయ్య గొంతు వినిపించేది. తలుపు తెరిచాక ఎర్ర బల్బు వెలుతురు కన్నా ముందు ఈ వాసనే ఎదురొచ్చేది.

*

మామయ్య స్టూడియో ఆర్కాట్ రోడ్డు మీద ఉండేది. అప్పట్లో వడపళని అంటే ఒక పక్క వాహినీ స్టూడియో, మరో పక్క చందమామ ఆఫీసు, టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు నాలుగు జిల్లాల తెలుగు వినిపించేది. వేషం కోసం వచ్చినవాళ్లు, పాటలు రాద్దామని వచ్చినవాళ్లు, ఏ పనైనా చాలనుకుని వచ్చినవాళ్లు, అందరికీ ముందుగా కావలసింది ఒక మంచి ఫొటో. ఆ ఫొటో పట్టుకుని కంపెనీల చుట్టూ తిరగాలి. మామయ్య స్టూడియో నడిచింది వాళ్ల మీదే. డబ్బు లేనివాళ్లకు కూడా తీసేవాడు. ఆ బాకీల పుస్తకం సంగతి అత్తయ్యకు చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

ఆ స్టూడియోలో నా మొదటి పని ఐసు మోయడం. డి-76 అనే డెవలపర్‌ను 20 డిగ్రీల దగ్గర వాడాలి. మద్రాసు ఎండాకాలంలో కుళాయి నీళ్లు 30 డిగ్రీలు ఉంటాయి. వేడి ఎక్కువైతే బొమ్మ లెక్క తప్పి ముదిరిపోతుంది, ఫిల్మ్ మీది జెలటిన్ పొర మెత్తబడి గోరు తగిలినా ఊడుతుంది. అందుకని ఐసు కొట్టు నుంచి రంపపు పొట్టు అద్దిన గడ్డను గోనెలో చుట్టి భుజం మీద పెట్టుకుని తెచ్చేవాణ్ణి. ఐసును డెవలపర్‌లో వేయకూడదు, కరిగి మందును పలచన చేస్తుంది. పెద్ద బేసిన్‌లో ఐసు నీళ్లు పోసి, దానిలో డెవలపర్ సీసాను నిలబెట్టి, మామయ్య థర్మామీటరు పట్టుకుని కూర్చునేవాడు. కడిగే నీళ్లను కూడా చల్లబరిచేవాడు. చల్లటి మందులోంచి తీసిన ఫిల్మ్‌ను ఒక్కసారిగా వేడి నీళ్లలో వేస్తే జెలటిన్ సన్నగా బీటలు వారుతుంది. ఆ బీటలు ఎవరి ముఖం మీద పడ్డా మళ్లీ పోవు.

మందు కూడా బయట కొనేవాడు కాదు. చిన్న త్రాసు ముందు పెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పినట్టు చెబుతూ కలిపేవాడు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. మెటాల్ ముందు కరగాలి. సల్ఫైట్ ముందు పడితే మెటాల్ ఇక కరగనని మొండికేస్తుంది. ఆ వరస నాకు ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

నీళ్ల కరువు వచ్చిన ఏళ్లు మరీ కష్టం. వీధి మొగలో రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరసలో నిలబడేవి, లారీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో తాగడానికే నీళ్లు లేని రోజున ఫిల్మ్ కడగడానికి కుళాయి తిప్పి వదిలేయడానికి మామయ్యకు మనసొప్పేది కాదు. అప్పుడు ఇల్ఫోర్డ్ వారి పద్ధతి పాటించేవాడు. ట్యాంకు నిండా నీళ్లు పోసి అయిదుసార్లు తిరగేసి పారబోయడం, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. మూడు ట్యాంకుల నీళ్లతో పని ముగిసేది. తిరగేసే పని నాది, లెక్కపెట్టే పని మామయ్యది.

బొమ్మ చెదరకుండా నిలబెట్టే మందు హైపో. వాడేసిన హైపోను మాత్రం పారబోసేవాళ్లం కాదు. ఫిల్మ్‌లో వెలుగు సోకని చోట ఉన్న వెండి అంతా కరిగి ఆ హైపోలోకే చేరుతుంది. దాన్ని కొనుక్కోవడానికి సైకిలుకు ప్లాస్టిక్ డబ్బాలు కట్టుకుని ఒకతను వచ్చేవాడు. తెలుగు, తమిళం, ఉర్దూ మూడూ కలిపి బేరమాడేవాడు. ఊళ్లోని స్టూడియోలు, ఎక్స్‌రే కేంద్రాలు అన్నీ తిరిగి పోగుచేసి వెండి తీసేవాళ్లు. ఆ వృత్తి ఉండేదని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

*

మామయ్య దగ్గర స్టూడియోకు వాడే పెద్ద కెమెరా వేరే ఉండేది. బయటికి వెళ్తే మాత్రం భుజానికి యాషికా ఎలక్ట్రో 35. జపాన్‌లో 1966లో మొదలైన మోడల్ అది. బీచ్ స్టేషన్ పక్కన బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు పెట్టుకున్న బర్మా బజారులో, రెండు రోజులు తిరిగి బేరమాడి తెచ్చుకున్నానని చెప్పేవాడు. బరువుగా, వెండి రంగులో, ముందు పెద్ద 45 మిల్లీమీటర్ల లెన్సుతో ఉండేది. వెలుతురు మరీ ఎక్కువైతే ఎర్ర దీపం, తక్కువైతే పసుపు దీపం కన్ను ఆనించి చూసే కిటికీలోనే వెలిగేవి.

ఆ కిటికీలోంచి మొదటిసారి చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. అద్దాల గదిలోంచి వీధిని చూస్తున్నట్టు కాదు, ఉత్త కిటికీలోంచి చూస్తున్నట్టే అంతా స్పష్టంగా ఉంది. మధ్యలో మాత్రం పసుపు రంగు మచ్చ. ఆ మచ్చలో ఎదురుగా ఉన్న టీ కొట్టు బోర్డు రెండుగా కనిపించింది. ఒకటి అసలుది, ఒకటి పక్కకు జరిగిన నీడ. మామయ్య నా వేలు పట్టుకుని లెన్సు చుట్టూ ఉన్న వలయం మీద పెట్టాడు. "తిప్పు. మెల్లగా. ఏరా, ఒక్కటయ్యాయా?" తిప్పుతుంటే నీడ జరుగుతూ జరుగుతూ వచ్చి బోర్డు మీద సరిగ్గా కూర్చుంది. అక్షరాలు గట్టిపడ్డాయి. "అదే దూరం. ఇక నొక్కు."

రేంజ్‌ఫైండర్ అంటే ఇంతే. కెమెరా ముందు ఎడంగా రెండు చిన్న కిటికీలు ఉంటాయి. రెండూ ఒకే వస్తువును రెండు కోణాల నుంచి చూస్తాయి. లోపల ఒక అద్దం ఆ రెండు చూపులనూ కలుపుతుంది. లెన్సు తిప్పినకొద్దీ ఆ కోణం మారుతుంది. రెండు బొమ్మలు కలిసిన చోట లెన్సు సరైన దూరానికి వచ్చినట్టు. లెన్సులోంచి చూడటం లేదు కాబట్టి లోపల పైకీ కిందికీ లేచే అద్దం అక్కర్లేదు. చప్పుడూ ఉండదు. మా యాషికా నొక్కితే వచ్చేది చిన్న టిక్కు మాత్రమే, పక్కవాళ్లకు కూడా వినిపించదు.

*

ఆ చప్పుడు లేకపోవడం కన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉందని పెళ్లిళ్లలో తెలిసింది.

టి.నగర్‌లో తెలుగువాళ్ల పెళ్లి అంటే మామయ్యకు కబురు వచ్చేది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఎంతసేపు? అడ్డుతెర దిగుతుంది, ఇద్దరి చేతులూ ఇద్దరి తలల మీద ఉంటాయి, మంగళవాద్యాలు ఒక్కసారిగా హోరెత్తుతాయి, అక్షతలు పడతాయి. రెప్పపాటు. లెన్సులోంచే చూసే ఎస్సెల్లార్ కెమెరా అయితే సరిగ్గా ఆ రెప్పపాటులోనే లోపలి అద్దం పైకి లేచి కన్ను ముందు చీకటి చేస్తుంది. అంటే నువ్వు తీసిన క్షణం తప్ప మిగతా అన్ని క్షణాలూ నువ్వు చూస్తావు. రేంజ్‌ఫైండర్‌లో కిటికీ ఎప్పుడూ మూసుకోదు. ఫ్లాష్ వెలిగితే ఆ వెలుగు పెళ్లికూతురు ముఖం మీద పడటం కూడా కనిపిస్తుంది. అందుకే మామయ్య నొక్కిన వెంటనే, "అమ్మాయి కళ్లు మూసింది, ఇంకొకటి" అనేవాడు. నెగటివ్ ఇంకా కెమెరాలోనే ఉంది, కడగడానికి రెండు రోజులు పడుతుంది, అయినా ఆయనకు తెలుసు. కడిగాక చూస్తే ఆ మొదటి ఫ్రేములో నిజంగానే కళ్లు మూసుకుని ఉండేవి. చిన్నప్పుడు నాకు అదేదో మంత్రంలా తోచేది.

ఇంకొక సంగతి. ఆ కిటికీలో ఫొటోలోకి వచ్చే భాగం ఎంతవరకో ఒక వెలుగు గీత చెబుతుంది. కిటికీ అంతకన్నా పెద్దది కాబట్టి గీతకు అవతల ఏముందో కూడా కనిపిస్తుంది. లోపలికి పరుగెత్తుకొస్తున్న పిల్లవాడు, పళ్లెం పట్టుకుని దాటబోతున్న పెద్దావిడ, ముందే తెలిసిపోతారు. వాళ్లను రానివ్వాలా వద్దా అనేది నీ చేతిలో ఉంటుంది.

ఆ గీత విలువ నాకు బాగా తెలిసింది బజుల్లా రోడ్డులో. ఎన్.టి. రామారావు గారి ఇల్లు అక్కడ ఉండేది. తిరుపతిలో మొక్కు తీర్చుకున్న జనం బస్సులు మాట్లాడుకుని తిన్నగా ఆ ఇంటి ముందుకు వచ్చేవారు. గుండ్లు, నుదుట నామాలు, చేతిలో లడ్డూ పొట్లాలు. తిరుమలలో ఒక దేవుణ్ణి చూశాం, ఇక్కడ ఇంకొక దేవుణ్ణి చూస్తాం అని గేటు ముందు పడిగాపులు కాసేవారు. మామయ్య కొన్ని రోజులు పొద్దున్నే నన్ను తీసుకుని అక్కడికి వెళ్లేవాడు. కుటుంబాలను వరసలో నిలబెట్టి ఫొటో తీసి, ఒక పొడవాటి రిజిస్టరులో పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాయించుకునేవాడు. ప్రింటు పోస్టులో వెళ్లేది. సగం డబ్బు అప్పుడే, సగం మనియార్డరు మీద. మనియార్డరు రానివాళ్లు చాలా తక్కువ.

నిలబెట్టి తీసిన ఆ ఫొటోల కన్నా, వాళ్లను నిలబెట్టకముందు మామయ్య తనకోసం తీసుకున్నవే నాకు ఎక్కువ ఇష్టం. గేటు వైపు మెడలు చాచిన ముసలివాళ్లు. నిద్రపోతున్న బిడ్డ గుండుకు గంధం రాస్తున్న తల్లి. ఎవరూ కెమెరా వైపు చూడరు. కెమెరా ఉందని కూడా ఎవరికీ తెలిసేది కాదు.

ఫ్రాన్స్ దేశస్థుడు హెన్రీ కార్టియర్ బ్రెసాన్ ఇలాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాతోనే, లైకాతో, ప్రపంచమంతా తిరిగాడని చాలా ఏళ్ల తరవాత చదివాను. 1950 ఏప్రిల్‌లో రమణ మహర్షి దేహం వదిలినప్పుడు ఆయన తిరువణ్ణామలైలోనే ఉన్నాడు. కెమెరా మీది మెరుపు ఎవరి కంటా పడకుండా నల్ల టేపు అంటించుకునేవాడట. ఆ సంగతి చదివి మామయ్యకు చెబితే, ఆయన తన యాషికాను ఒకసారి తిప్పి చూసుకుని, "మనకు టేపెందుకు, అందరూ గేటు వైపే చూస్తారుగా" అన్నాడు.

*

మా డార్క్‌రూంను మూయించింది డిజిటల్ అని చాలామంది అనుకుంటారు. కాదు. రంగుల ల్యాబులు. గంటలో ప్రింట్లు ఇచ్చే యంత్రాలు వచ్చాక, మామయ్య రోలు తీసుకెళ్లి అక్కడ ఇచ్చి కవరు తెచ్చుకునేవాడు. ఐసు కొట్టుతో పని తీరిపోయింది. క్రోమియం పలక మీద పరిచి వేడి చేసిన ప్రింట్లు ఆరి, ఒక్కొక్కటే చిటపటమంటూ ఊడివచ్చే చప్పుడు ఆగిపోయింది. నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో టచింగ్ చేసే పెద్దాయన కొన్నాళ్లు వచ్చి కూర్చుని, పని లేక మానేశాడు. ఊటీలోని ప్రభుత్వ కర్మాగారం హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన 'ఇందు' కాగితం డబ్బాలు కొన్ని, తెరవకుండానే గదిలో మిగిలిపోయాయి.

నేను అప్పటికి ఒక పత్రికలో ఫొటోగ్రాఫర్‌గా చేరాను. అక్కడ ఎస్సెల్లార్‌లు, ఆ తరవాత డిజిటల్ ఎస్సెల్లార్‌లు. ఆ ఏళ్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కెమెరా దానంతటదే దూరం చూసుకునేది, సెకనుకు ఎన్నో తీసేది, వాటిలో ఒకటి పనికొచ్చేది. పని జరిగింది, జీతం వచ్చింది. నేను తీసిన ఫొటో నేనే చూడలేదనే వెలితి మాత్రం పోలేదు.

*

డిజిటల్‌లో రేంజ్‌ఫైండర్ ఆలస్యంగా వచ్చింది. దానికి కారణం ఉంది. అద్దం లేదు కాబట్టి ఈ కెమెరాల్లో లెన్సు వెనక భాగం ఫిల్మ్‌కు బాగా దగ్గరగా వచ్చి కూర్చుంటుంది. అంచుల దగ్గర వెలుగు బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్మ్‌కు అది పట్టదు. ఫిల్మ్ స్థానంలో ఉండే సెన్సార్‌కు పడుతుంది, అంచులు చీకటిగా, రంగు మారి వస్తాయి. మొట్టమొదట దీనికి సాహసించింది ఎప్సన్, 2004లో, ఆర్-డి1 పేరుతో. 6 మెగాపిక్సెళ్లు. లైకా 2006లో ఎం8 తెచ్చింది. సెన్సార్ ముందు ఉండే పరారుణ ఫిల్టరును పలచగా పెట్టడంతో, నల్లటి సింథటిక్ బట్టలు ఊదారంగులో పడుతున్నాయని అందరూ గుర్తించారు. కొన్నవాళ్లకు కంపెనీయే లెన్సు ఫిల్టర్లు పంపింది. 2009లో వచ్చిన ఎం9తో ఫిల్మ్ ఫ్రేము అంతటి సెన్సార్, 24 బై 36 మిల్లీమీటర్లు, రేంజ్‌ఫైండర్‌లోకి వచ్చింది. 2012లో రంగే చూడని, నలుపు తెలుపు మాత్రమే తీసే మోనోక్రోమ్ వచ్చింది. 2016లో వెనక తెర కూడా లేని డిజిటల్ లైకా వచ్చింది. 1954లో ఎం3 అనే ఫిల్మ్ లైకా కోసం చేసిన లెన్సు ఈనాటి లైకా మీద కూడా బిగుసుకుంటుంది. ఆ ధరలు నాబోటివాళ్లకు అందేవి కావు.

జపాన్‌లో ఉద్యోగం చేసే మా పిన్ని కొడుకు ఒకసారి సంక్రాంతికి వస్తూ అక్కడి పాత కెమెరాల కొట్టులో ఒక ఆర్-డి1 కొని తెచ్చాడు. "అన్నయ్యా, ఇందులో ఫిల్మ్ లేకపోయినా లివర్ తిప్పాలట. నీకోసమే చేసినట్టుంది" అన్నాడు.

నిజంగానే తిప్పాలి. బొమ్మ తీశాక బొటనవేలితో లివర్ లాగితే తప్ప షట్టర్ మళ్లీ సిద్ధం కాదు. పైన గుండ్రటి గాజు కింద నాలుగు ముళ్లు ఉంటాయి. ఇంకా ఎన్ని తీయవచ్చో ఒకటి, బ్యాటరీ ఎంత ఉందో ఒకటి చెబుతాయి. ఎప్సన్ గడియారాలు చేసే సీకో కుటుంబంలోనిదేనని ఆ ముళ్లను చూస్తే తెలుస్తుంది. వెనక తెరను తిప్పి లోపలికి మూసేస్తే మిగిలేది ఉత్త నల్లటి వీపు. కిటికీ అసలు పరిమాణంలోనే చూపిస్తుంది. అంటే రెండు కళ్లూ తెరిచి ఉంచవచ్చు. కుడి కన్ను కిటికీలో, ఎడమ కన్ను వీధిలో, రెండింటికీ తేడా ఉండదు. వెలుగు గీత మాత్రం గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది.

మొదటి రోజు పానగల్ పార్కు దగ్గర నిలబడి ఆ పసుపు మచ్చలో మల్లెపూల బుట్టను చూశాను. రెండు బుట్టలు. వలయం తిప్పాను. ఒక్కటైంది. నా వేలికి ఆ దూరం గుర్తుంది. పత్రికలో అన్నేళ్లు పనిచేసినప్పుడు ఒక్కసారి కూడా కలగని ఆనందం ఆ పూట కలిగింది.

అది పాత మోడల్ కాబట్టి 2 జీబీ కన్నా పెద్ద కార్డు తీసుకోదు. ఇప్పుడు ఆ కార్డు దొరకడం కష్టం. రిచీ స్ట్రీట్‌లో అడిగితే కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక పెద్దాయన లోపలి డ్రాయరు అడుగు నుంచి రెండు తీసి, దుమ్ము తుడిచి ఇచ్చాడు.

*

ఫిల్మ్ తీసే కుర్రవాళ్లు చెన్నైలో మళ్లీ తయారయ్యారు. వాళ్లను చూస్తే నాకు సంతోషం. కానీ డిజిటల్‌లో ప్రాణం లేదని వాళ్లు అన్నప్పుడు నేను ఒప్పుకోలేను. నేను ఐసు మోసినవాణ్ణి. నీళ్లు లేని వేసవిలో మూడు ట్యాంకులతో ఫిల్మ్ కడిగినవాణ్ణి. ఫొటోగ్రఫీలో నేను ప్రేమించింది ఆ కిటికీని. ఎదుటి మనిషికీ నాకూ మధ్య ఎంత దూరమో నా వేలితో కొలిచి తెలుసుకోవడాన్ని. నొక్కిన క్షణాన్ని నా కంటితో చూడటాన్ని. అవన్నీ ఈ డిజిటల్ కెమెరాలో ఉన్నాయి, ఫిల్మ్ వేసే ఎన్నో ఎస్సెల్లార్‌లలో లేవు.

ఫిల్మ్‌లో మాత్రమే దొరికేది లేదా? ఉంది. మద్రాసు మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్ల పంచె కట్టిన మనిషిని తీస్తే నెగటివ్ ఆ తెలుపును దాచుకుంటుంది. ప్రింటు వేసేటప్పుడు చేతితో కాస్త నీడపట్టి, కాస్త ఎక్కువసేపు వెలుగు పడనిచ్చి, పంచె మడతలు బయటికి లాగవచ్చు. డిజిటల్‌లో తెలుపు ఒకసారి దాటిపోతే ఇక అక్కడ ఏమీ ఉండదు. "నీడలకు ఇవ్వు, వెలుగు దాని సంగతి అది చూసుకుంటుంది" అని మామయ్య నేర్పిన సూత్రాన్ని తలకిందులు చేసుకోవలసి వచ్చింది. ఇప్పుడు పంచెను చూసి వెలుగు కొలుస్తాను, నీడలను ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో పైకి తెచ్చుకుంటాను.

ఫిల్మ్‌తో పోయిన అసలు సంగతి ఇంకొకటి. మనుషులు. ఒక ఫొటో బయటికి రావాలంటే ఐసు కొట్టువాడు, నేను, మామయ్య, టచింగ్ పెద్దాయన, హైపో కొనే సైకిలు మనిషి, పోస్ట్‌మ్యాన్, ఇంతమంది చేతులు పడేవి. ఎర్ర వెలుతురులో తెల్లకాగితం మీద ముందు కనుబొమలు, ఆ తరవాత కళ్లు తేలుతుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టి ఒకే ట్రేలోకి వంగి చూసేవాళ్లం. ఇప్పుడు నా ఫొటో నాకు తప్ప ఎవరికీ అవసరం లేకుండానే పుడుతుంది. ఎంత మంచి కెమెరా అయినా ఈ లోటు తీర్చలేదు. ఫిల్మ్ కొని ఒంటరిగా కడుక్కున్నా తీరదు.

ఆర్-డి1 తెరను నేను లోపలికే మూసి ఉంచుతాను. ఫిల్మ్ అని మనసును మభ్యపెట్టుకోవడానికి కాదు. తీసిన ప్రతిసారీ తల దించి చూసుకుంటే, ఎదుట జరిగే తరవాతిది పోతుంది.

*

పెట్టెలోని నెగటివ్‌లను డిజిటల్ చేసే పని ఇప్పుడు జరుగుతోంది. దానికి నేను ప్రేమించే కెమెరా బొత్తిగా పనికిరాదు. రేంజ్‌ఫైండర్ దగ్గరి వస్తువులను చూడలేదు, చాలావాటికి ముప్పాతిక మీటరు లోపలికి చూపు ఆనదు. పైగా కిటికీ ఒకటి చూస్తే లెన్సు ఒకటి చూస్తుంది. వేలెడంత నెగటివ్‌ను కింద తెల్లని వెలుగు పెట్టి తీయాలంటే అది చేయగలిగింది మామయ్య మనవరాలి మామూలు మిర్రర్‌లెస్ కెమెరా, దానికొక దగ్గరి వస్తువులను తీసే మాక్రో లెన్సు. పట్టీ వంకర్లు తిరిగితే రెండు గాజు పలకల మధ్య అదిమి పెడుతున్నాం. వాసన వస్తున్నవాటిని మిగతావాటికి దూరంగా, కాగితపు కవర్లలో వేరే గదిలో పెట్టాం. ఆ పిల్ల ముక్కుకు గుడ్డ కట్టుకుని, "తాతయ్య ఎవరినీ నవ్వమని అడిగేవాడు కాదా?" అంటుంది.

పత్రికలో తొలి డిజిటల్ రోజుల్లో నేను సీడీల్లో దాచినవి చాలావరకు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. కుళ్లిపోతున్న ఈ పట్టీల్లో మాత్రం బజుల్లా రోడ్డు గేటు ముందు నిలబడ్డ ముఖాలు ఇంకా గుర్తుపట్టేలా ఉన్నాయి. రిజిస్టరు కూడా దొరికింది. ఊళ్ల పేర్లు సగం చెరిగినా చదవవచ్చు. గుంటూరు, కృష్ణా, నెల్లూరు జిల్లాలవి ఎక్కువ. ఫ్రేము నంబరుకూ పేరుకూ లంకె కుదిరినవాటిని ఒక పక్కన పెడుతున్నాం. ఆ కుటుంబాలకు పంపాలని పిల్ల పట్టుదల.

ఈ మధ్య నా ఆర్-డి1లో రెండు బొమ్మలు పక్కలకు కలుస్తున్నా, ఒకటి కాస్త పైకి నిలబడుతోంది. ఆటో కుదుపులకు ఏ రేంజ్‌ఫైండర్ అయినా అలా తప్పుతుంది. ట్రిప్లికేన్ ఎల్లిస్ రోడ్డులో కెమెరాలు బాగుచేసే ఒకాయన ఉన్నారు, మూడు తరాలుగా మద్రాసులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. డిజిటల్ అనగానే ముందు కాదన్నారు. కిటికీలోంచి చూడండి అని చేతిలో పెడితే చూసి, "అరే, లోపల మన పాతదే ఉందిగా" అని చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని మేడ మీదికి నడిచారు. 1959లో ప్రారంభమైన ఎత్తైన ఎల్.ఐ.సి. భవనం అక్కడి నుంచి కనిపిస్తుంది. దాని పైఅంచు అడ్డగీత మీద గురిపెట్టి, ఫ్లాష్ బిగించే చోటి రేకు తీసి, దాని కింద ఉన్న మరను వెంట్రుకవాసి తిప్పడం, కన్ను ఆనించి చూడటం, మళ్లీ తిప్పడం. పావుగంటలో కెమెరా నా చేతికిచ్చి, "ఇప్పుడు చూడండి" అన్నారు. భవనం ఒక్కటే ఉంది.

డబ్బు తీసుకున్నాక లెన్సును వెలుతురుకు ఎత్తి చూసి, లోపల అంచున బూజు మొదలైందని చెప్పారు. వానలు పడకముందే తీయించాలట. మామయ్య యాషికా కూడా ఇంట్లో ఉందంటే అదీ తెమ్మన్నారు. దానికి సరిపడే పాదరసం బ్యాటరీ ఇప్పుడు రాదు, మామూలు బ్యాటరీలు పట్టేలా చిన్న గొట్టం ఒకటి తానే తయారుచేసి పెడతానన్నారు. శనివారం రెండూ తీసుకుని వెళ్తున్నాను. పిల్ల కూడా వస్తానంది.